ఐదో గదిలో దుర్గమ్మ

“దుర్గమ్మకు వచ్చింది నిజం గుండెపోటేనంట సార్, ఐసీయూల వేసిన్రు.”

“తెలుసు. ఆ తలుపు వేసి కూర్చో త్రివేణీ.”

ఉప్పల్‌లో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ. ప్రొఫెసర్ రామ్మోహనరావు గదిలో, ఫైనలియర్ చదివే త్రివేణి కుర్చీ అంచున కూర్చుంది.

“ప్రిన్సిపల్ మేడమ్ ఇటే వస్తున్నారు. ఆవిడ అడిగేలోపు నేను అడుగుతాను. ప్రాక్టికల్స్‌లో ఐదో గదికి ఆఖరున వెళ్లింది నువ్వే కదా?”

“నేనే సార్.”

“ఆమె పడిపోయింది నీ ముందే.”

“కాదు సార్. నేను బయటికొచ్చినంక. టైమైందని బెల్లు కొట్టిన్రు, వచ్చేసిన.”

“గుండెపోటు మనిషిని ఎదురుగా పెట్టుకుని, బెల్లు కొట్టారని వచ్చేశావు.”

“గుండెపోటు యాక్ట్ చెయ్యనీకే గద సార్ మీరు ఆమెను కూసోబెట్టింది.”

“సమ్మెలో బస్సుల్లేవు, నిజమైన పేషెంట్లు రావట్లేదు. ఈమె అయితే నాచారం నుంచి నడిచొస్తుంది. మరెవర్ని పెట్టమంటావు?”

“నేనేం అంటలేను సార్. నన్నేం చేస్తరో చెప్పున్రి.”

“అజాగ్రత్త అని ఒప్పుకుంటే ఏడాది పోతుంది. వాదిస్తే సీటే పోవచ్చు.”

“ఒప్పుకునుడంటే ఏమని?”

“ఆమె నీతో మామూలుగానే మాట్లాడిందని, నువ్వు గమనించలేదని. అంతే.”

“మామూలుగ ఏడ మాట్లాడింది సార్?”

“ఏమంది?”

“ఏదో అన్నది.”

“ఏదో అంటే?”

“నా చెయ్యి పట్టుకున్నది. ‘యాక్టింగ్ కాదు బిడ్డా, నిజంగనే నొస్తుంది’ అన్నది.”

“అంత స్పష్టంగా చెప్తే పరీక్ష ఎందుకు ఆపలేదు? త్రివేణీ, నిన్నే.”

“చెప్తే కాపీ కేసు గూడ అయితది సార్.”

“చెప్పకపోయినా ఒక కేసుంది.”

“నిన్నటి బ్యాచోళ్లు హాస్టల్ల చెప్పిన్రు. ఐదో గది ఆంటీ చెయ్యి పట్టుకొని యాక్టింగ్ కాదంటది, బెదరకున్రి, ధైర్యం చెప్తే మార్కులేస్తరు అని. అందరితోని గదే మాటంట. నేను గూడ ధైర్యం చెప్పిన.”

“ఏమని?”

“‘ఏం గాదమ్మా, మేమున్నం’ అని. ఆమె నన్నే సూసుకుంట కూసున్నది. సార్, ఒకటి అడుగుత, కోప్పడొద్దు.”

“అడుగు.”

“మరి నిజంగ నొస్తే ఆమె ఏమనాలె?”

“అది వేరే సంగతి.”

“ఆమెకు ఇంకే మాట ఉన్నది సార్?”

“ఈ ప్రశ్న మేడమ్ ముందు అనకు.”

“అనకపోతే ఆమెను నేనే సంపినట్టయితది.”

“ఆమె ఇంకా బతికే ఉంది.”

“మీరు పోయి సూసిన్రా?”

“లేదు.”

“మీ కార్డియాలజీ ఐసీయూ కిందనే గద సార్, ఎందుకు పోలె?”

“మేడమ్ వస్తున్నారు, లే. రండి శ్యామలాదేవి గారూ.”

“రామ్మోహనరావు గారూ, ఒప్పుకుందా ఈ అమ్మాయి?”

“కూర్చోండి మేడమ్.”

“ఎక్కడ కూర్చోను? దుర్గమ్మ కొడుకు ఉపేందర్ సగం బస్తీని గేటు దగ్గరికి తెచ్చాడు. ఎవరి తప్పని అడుగుతున్నాడు. కిందికెళ్లి ఒక పేరు చెప్పాలి నేను. ఈమె పేరే కదా?”

“మేడమ్, నేను...”

“నువ్వు ఆగమ్మా. మీరు చెప్పండి డాక్టర్ గారూ.”

“నా పేరు చెప్పండి.”

“ఏమిటి మీరనేది?”

“ఆ మాట నేర్పింది నేను. పిల్లలు కంగారు పడతారో లేదో చూద్దామని, యాక్టింగ్ కాదని అందరితో అనమన్నాను. ‘మధ్యల నాకు బాగలేకుంటే ఏం సైగ చెయ్యాలె సారూ’ అని దుర్గమ్మ అడిగింది. సైగ పెడితే పిల్లలు పసిగడతారు, వద్దన్నాను. ఈ అమ్మాయి లోపలున్నంతసేపూ నేను ఇటునుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక కూర్చుని చూస్తున్నాను. దుర్గమ్మ ముఖం పాలిపోయింది, జాకెట్టు చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెమట ఎవరూ నటించలేరు మేడమ్, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, పక్కనున్న బయటి ఎగ్జామినర్ భుజం తట్టి, ‘చూశారా, ఎలా తయారుచేశానో’ అన్నాను.”