ఎమ్మెట్ పాట

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆ ఊళ్లో ఏటా జరిగే సంతకు అది మూడో రోజు. మధ్యాహ్నం, వేదిక వెనక డేరాలో పాటగాడు గిటారు తీగలు బిగించుకుంటుంటే, చనిపోయిన అతని స్నేహితుడి అక్క లోపలికి వచ్చింది.

“నువ్వా అక్కా! ఎలా రానిచ్చారు?”

“ఎమ్మెట్ అక్కనంటే దారిచ్చారు. నీ పాట పుణ్యమా అని వాడి పేరు తెలియనివాళ్లు లేరుగా.”

“వాడి మీద ప్రేమతో రాశానక్కా. బాంజో వాయిస్తూ ర్యాప్ పాట కట్టడం నాకు నేర్పిందే వాడు.”

“మరి నీ పాటలో ఉన్నట్టు, తాగి ట్రక్కు నడిపి చెట్టుకు గుద్దింది కూడా వాడేనా?”

“పోలీసులు అదే రాసుకున్నారు.”

“నువ్వు చెబితే రాసుకున్నారు. శవానికి చొక్కా తొడిగింది నేనురా. సీటు బెల్టు కోసుకుపోయిన గాటు కుడి భుజం మీదుంది. ఎడమ సీట్లో కూర్చుని నడిపేవాడికైతే ఎడమ భుజం మీద ఉండాలి.”

“ఆరేళ్లు ఎందుకు ఊరుకున్నావు?”

“అమ్మ నిన్నూ కొడుకులాగే చూసింది. రెండోవాణ్ని కూడా పోగొట్టడం ఎందుకనుకున్నాను.”

“ఇప్పుడేమైంది?”

“అమ్మ ముందు వరసలో కూర్చుంది. తన కొడుకు తాగి నిన్ను చంపబోయాడట. పాటయ్యాక నీ చేతులు పట్టుకుని క్షమించమని అడుగుతుందట.”

“దేవుడా! అక్కా, నిజం చెబితే నన్ను జైల్లో వేస్తారు.”

“వేస్తారు.”

“పాటలో ఆ చరణం మార్చి పాడతాను.”

“పాటలో వద్దు. అమ్మ నోరు తెరవకముందే నువ్వు చెప్పు.”

బయట జనం అతని పేరు పెట్టి అరుస్తున్నారు. అతను గిటారు కింద పెట్టి లేచాడు.

“అమ్మ ఏ వైపు కూర్చుందక్కా?”