ఏడు చోట్ల దాచిన ఫొటోలు

దేవుడు మనుషులందరికీ మాటలు కొలిచి ఇచ్చాడంటారు. మా కొండల నడుమ కోచ్‌కోర్ ఊళ్లో తొలోగోన్ వంతు వచ్చేసరికి మాత్రం కొలత కాస్త ఒలికినట్టుంది. దేవుడు చేసే పనిలో పొరపాటుండదు కాబట్టి దీనికీ ఏదో కారణం ఉండే ఉంటుందని ఊరంతా సర్దుకుపోయింది.

తొలోగోన్‌కి యాభై రెండేళ్లు. వేసవంతా సోన్‌కుల్ సరస్సు పక్క పచ్చికల మీద గుర్రాలు మేపుతాడు, చలి తగలగానే కిందికి దిగుతాడు. మెడలోంచి కెమెరా మాత్రం ఏడాది పొడుగునా దిగదు. చుట్టాల్లో ఎవరింట పెళ్లయినా, ఎవరి బిడ్డ తొలి అడుగు వేసినా, ఫొటోలు తీసేది అతనే. అలా తీసినవి పద్దెనిమిదేళ్లవి, అరచేతిలో ఇమిడే ఒకే ఒక్క హార్డ్ డిస్కులో ఉండేవి. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. భార్య బురుల్చా దుమ్ము తుడవబోయినా సరే, "చెయ్యి తియ్యి" అని గయ్యిమనేవాడు.

ఆ డిస్కు మూడు రోజుల కిందట ఏట్లో మునిగింది. కొండ దిగి వస్తూ ఏరు దాటుతుంటే గుర్రం కాలు జారింది, జీను సంచి నీళ్లపాలైంది. సంచిని అయితే పట్టుకున్నాడు గానీ, బజార్లో ఫోన్లు బాగుచేసేవాడు ఆ డిస్కును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "అన్నా, ఇందులో ఏరు తప్ప ఇంకేం మిగల్లేదు" అని తిరిగి చేతిలో పెట్టాడు.

పెళ్లిళ్ల ఫొటోలు పోతే పోయాయి. ఈ శనివారమే అమ్మ సంవత్సరీకం. కల్బూబూ అవ్వ తొంభై రెండేళ్లు బతికి నిరుడు ఇదే రోజుల్లో కన్నుమూసింది. రెండు వందల మంది వస్తారు, గుర్రాన్ని కోస్తారు, మౌల్వీ ఖురాన్ చదువుతాడు. గుడారంలో ఆవిడ కూర్చునే చోట ఆవిడ ఫొటో పెద్దది చేయించి పెట్టాలి. ఆ ముఖం ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదని తొలోగోన్‌కి తెలుసు, ఎందుకంటే అతను కెమెరా ఎత్తాడంటే ఇంకెవరూ ఫోన్ తీసేవాళ్లు కాదు, తియ్యనిచ్చేవాడూ కాదు. ఇంట్లో చెప్పలేదు. బయటా చెప్పలేదు. తడిసిన డిస్కును కోటు లోపలి జేబులో, గుండెకి ఆనించి పెట్టుకుని తిరుగుతున్నాడు.

గురువారం మధ్యాహ్నం నమాజు అయ్యాక సైకాల్ అక్క టీ దుకాణంలో కూర్చున్నాడు. అక్క అతనికి దూరపు చుట్టం, పదేళ్లు పెద్దది. ఎదురుగా ముకాష్ తాత, డెబ్బై ఏళ్ల గొర్రెల కాపరి, నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్సోకులు, వెన్నలో ముంచుకుని తింటున్నాడు. ఇంతలో మినీబస్సు నడిపే ఎర్మాత్ వచ్చి కూర్చున్నాడు. రేపు పొద్దున్నే రాజధాని బిష్కేక్ పోతున్నాననీ, అవ్వ ఫొటో ఇప్పుడే ఇస్తే అక్కడ పెద్దది చేయించి, అద్దం కట్టించి తెస్తాననీ, ఇంక ఆలస్యమైతే తనవల్ల కాదనీ చెప్పాడు. చెప్పి, చెయ్యి చాచాడు.

తొలోగోన్ నిజం చెబుదామనే నోరు తెరిచాడు. ప్రమాణపూర్తిగా అందుకే తెరిచాడు. కానీ ముగ్గురు మనుషులు తనవైపే చూస్తుండగా నోరు తెరిచి నిజం చెప్పిన అలవాటు అతనికి లేదు.

"ఫొటోకేం భాగ్యం ఎర్మాత్, ఏ ఫొటో కావాలో చెప్పు. మొన్న ఏరు దాటుతుంటే డిస్కు నీళ్లలో పడిందిలే, పడితే ఏం, ఒక్కదాన్ని నమ్ముకుని బతికే రకమా నేను? మూడు కాపీలున్నాయి నా దగ్గర."

ఏట్లో ఎక్కడ పడిందని ముకాష్ తాత అడిగాడు. మోకాలి లోతు దగ్గర పడిందని తొలోగోన్ చెప్పాడు. కాసేపు ఆలోచించి నడుం లోతు అన్నాడు. టీ గిన్నె సగం అయ్యేసరికి ఆ ఏట్లో గుర్రం మునిగిపోయింది, దాని చెవులు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి, తొలోగోన్ ఆ చెవులు పట్టుకుని అడుగుకి దిగి, డిస్కును మింగబోతున్న చేపకి సలాం చెప్పి అడిగి మరీ తీసుకున్నాడు.

"ఇచ్చిందా?" అన్నాడు ఎర్మాత్.

"అడిగే పద్ధతిలో అడిగితే ఎందుకివ్వదు? సరే, అది తడిసింది. రెండో కాపీ ఉందిగా. గోరంత చిప్పు, దాన్ని ఉప్పు మూటలో దాచాను. ఉప్పులో పెట్టింది చెడదు కదా, మాంసమే చెడదు, ఫొటోలెందుకు చెడతాయి? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక పొట్టేలు వచ్చి ఆ ఉప్పు నాకి నాకి చిప్పుతో సహా మింగేసింది. ఏ పొట్టేలో తెలీదు. మందలో ఆరొందలున్నాయి. తాతా, నువ్వు ముప్ఫై ఏళ్లు కాశావు, నువ్వయితే ఎలా పట్టుకుంటావు?"

పట్టుకోనని తాత ఒప్పుకున్నాడు.

"నేను పట్టుకున్నాను. మంద ముందు నిలబడి ఊరికే ఫోన్ పైకెత్తాను. ఐదొందల తొంభై తొమ్మిది గడ్డి మేస్తూనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం తలెత్తి, మెడ సర్దుకుని, పక్కనున్న గొర్రెని భుజంతో దగ్గరికి లాక్కుని, పళ్లు కనిపించేలా నిలబడింది. లోపల పద్దెనిమిదేళ్ల పెళ్లి ఫొటోలుంటే ఎవరికైనా ఆ అలవాటు రాదూ! దాన్ని పక్కకి కట్టేసి, రెండు రోజులు ఓపిక పట్టాను. చిప్పు దానంతటదే వచ్చింది. కడిగి చూస్తే ఫొటోలు ముందుకంటే బాగున్నాయి. గడ్డి పచ్చదనం పట్టింది మరి. ఒంటికన్ను మావయ్యకి రెండో కన్ను కూడా కాస్త తెరుచుకుంది."

ఎర్మాత్ గిన్నె కింద పెట్టి మరీ నవ్వాడు. పక్క బల్లవాళ్లు కూడా ఇటు తిరిగారు. తొలోగోన్‌కి ఒంట్లో వేడి పుట్టింది, గొంతు లేచింది. కానీ ఎడమ చెయ్యి మాత్రం జేబు మీదనుంచి కదల్లేదు. వేళ్లకి డిస్కు అంచు తగులుతూనే ఉంది. అమ్మ చివరి వేసవిలో కొత్త కంబళి కుడుతూ, సూది పళ్ల మధ్య పెట్టుకుని, నా మొహం ఏం చూస్తావురా పనిచూసుకో అని కసురుకుంటుంటే తీసిన ఫొటో అందులోనే ఉంది. నిన్న రాత్రంతా ఆ కసురును గుర్తు చేసుకుందామని చూశాడు. గొంతు గుర్తొచ్చింది గానీ, ముఖం సరిగ్గా పట్టుబడలేదు.

అందుకే ఆపడానికి భయమేసింది. ఆపితే ఎర్మాత్ మళ్లీ చెయ్యి చాస్తాడు.

ఆ పొట్టేలు కథతో మూడు కాపీలు కాస్తా ఐదయ్యాయి. నాలుగోది డేగ కాలికి కట్టాడట, నరీన్‌లో ఉన్న తమ్ముడికి చేర్చమని. అసలే అది మంచి జాతి డేగ, తొలోగోన్ తాతగారి డేగకి మునిమనవరాలు. గాలి అనుకూలించి, అది నరీన్ దాటిపోయి, కొండలు దాటిపోయి, మబ్బులు దాటిపోయి, మనుషులు పైన తిప్పుతున్నారే ఆ ఉపగ్రహాలు, వాటి మధ్యకి చేరుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అలిసిపోయి ఒకదాని మీద వాలింది. వాలగానే చిప్పు ఆ ఉపగ్రహానికి తగిలింది, తగలగానే మన ఫొటోలన్నీ దాంట్లోకి దిగిపోయాయి. అది ఆరో కాపీ. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అది కోచ్‌కోర్ మీదుగా పోతుంది. ఆ సమయానికి గిన్నె నిండా కుమిస్ పోసుకుని ఆరుబయట కూర్చుంటే, ఆ గుర్రం పాల తెలుపులో నా పెళ్లి మొత్తం కనబడుతుంది. మామగారు అలిగే చోట మాత్రం కాస్త మసగ్గా ఉంటుంది, అక్కడ గిన్నె కదపకూడదు."

తానెప్పుడూ చూడలేదే అని ఎర్మాత్ అన్నాడు. చూడాలంటే గిన్నె తాగకుండా పట్టుకోవాలనీ, ఎర్మాత్ వల్ల అది కాదనీ తొలోగోన్ తేల్చేశాడు.

ఇంక ఏడో కాపీ. ఉపగ్రహం ఆ ఫొటోల్ని మేఘాల్లో కూడా దాచుకోవడం మొదలుపెట్టిందట. పోయిన నెల సరిహద్దుకి అవతల కజక్కుల ఊళ్ల మీద మబ్బులు తొలోగోన్ మావగారి మీసాల్లా పట్టాయి. అక్కడి పెద్దలు టోపీలు తీసి సలాం చేశారు. తర్వాత తొలోగోన్ చెల్లెలి పెళ్లి ఊరేగింపు ఈ కొండనుంచి ఆ కొండదాకా వరసగా కదిలిపోయింది, చివర్న ఉన్న వంటవాళ్ల మబ్బునుంచి మాత్రం వాన పడింది, ఆ వానలో జీలకర్ర వాసన. వాతావరణం చెప్పే ఆఫీసువాళ్లు అతనికి ఫోన్ చేసి, అయ్యా, దయచేసి శీతాకాలపు ఫొటోలు ఇప్పుడే పైకి పంపకండి, పంటలు దెబ్బతింటాయి అని బతిమాలారు.

"అసలు రేపు ఆ చివరి రోజున కూడా, దైవదూతలు మనుషుల పాపపుణ్యాల పుస్తకాలు తెరిచేటప్పుడు ఒక పేజీ కనపడకపోతే..."

"అక్కడ ఆగు తొలోగోన్," అన్నాడు ముకాష్ తాత, చేతిలో బోర్సోకు పక్కన పెట్టి. "గొర్రెల్ని ఏమన్నా అనుకో, ఆ సంగతి ముట్టుకోకు."

తొలోగోన్ వెంటనే లెంపలు తాకి తౌబా చెప్పుకున్నాడు. దేవుడంటే అతనికి నిజంగా భయం, భక్తి. ఆగిపోయాడు. ఆగిపోయేసరికి అతను భయపడినంతా జరిగింది. ఎర్మాత్ చెయ్యి మళ్లీ బల్ల మీదనుంచి లేవబోయింది. సైకాల్ అక్క టీ కెటిల్ పట్టుకుని వచ్చి అతని పక్కన నిలబడింది. గిన్నెలో పాలు పోసి, టీ పోసి, మా పద్ధతి ప్రకారం సగమే నింపి అందించింది.

"ఏడు కాపీలు తమ్ముడూ. చాలా మంచిది. ఇప్పుడు ఆ ఏడింటిలో ఒకదాంట్లోంచి ఒక్క ఫొటో, మీ అమ్మది, ఈ ఎర్మాత్‌కి చూపించు. పోతాడు పాపం, బస్సు కడుక్కోవాలి."

తొలోగోన్ గిన్నె అందుకోలేదు. కోటు జేబులోంచి డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మూలనుంచి ఇంకా కొంచెం నీళ్లు కారి, రొట్టె పరిచిన గుడ్డ మీద మరక పడింది.

"ఇదొక్కటే అక్కా," అన్నాడు. "ఏడూ లేవు, రెండూ లేవు. ఎప్పుడూ ఇదొక్కటే. అమ్మ ఇందులోనే పోయింది."

ఎవరూ నవ్వలేదు. ఎర్మాత్ చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సైకాల్ అక్క ఒక్కతే ఏమాత్రం కంగారు పడకుండా కెటిల్ పెట్టి, అప్రాన్‌కి చేతులు తుడుచుకుని, తన ఫోన్ తీసింది.

మా వైపు మనిషి పోతే మగవాళ్లు గుడారం బయట కర్రల మీద ఒరిగి నిలబడి ఏడుస్తారు, ఆడవాళ్లు లోపల కూర్చుని ఏడుస్తారు. అమ్మ పోయినప్పుడు తొలోగోన్ మూడు రోజులూ బయటే నిలబడ్డాడు. లోపల ఏం జరిగిందో అతనికి తెలియదు. జరిగింది ఇదీ అని అక్క చెప్పింది. తొంభై దాటి బతికిన మనిషి పోతే, ఆ ఆయుష్షు తమ పిల్లలకీ తగలాలని, ఆమె బట్టలోంచి పీలికైనా అడిగి తీసుకెళ్తారు కదా, తెబెరిక్ అని. కల్బూబూ అవ్వకైతే మరీ ఎగబడ్డారు. గౌన్లు చింపారు, కోటు చింపారు, ఆఖరికి తలకు చుట్టుకునే గుడ్డ కూడా వేలెడేసి పీలికలు చేశారు. మూడో రోజుకి ఏమీ మిగల్లేదు. జుమ్‌గాల్ నుంచి ఆడవాళ్లు అప్పుడే వచ్చి కూర్చున్నారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లని ఒట్టి చేతులతో పంపితే కోడలు తల ఎక్కడ పెట్టుకోవాలి?

"బురుల్చా ఏడ్చింది. తర్వాత లేచి వెళ్లి, నువ్వు ముట్టుకోవద్దన్న ఆ పెట్టె తీసుకొచ్చి, కూతురి కంప్యూటర్‌కి తగిలించింది. బట్ట లేదు, ఆవిడ ముఖం తీసుకెళ్లండి అంది. ఏ ఫొటో ఎక్కడుందో దానికేం తెలుసు? ఎవరి ఫోన్లో ఎంత పడితే అంత పోసేసింది. జుమ్‌గాల్ వాళ్లకి ఇచ్చాక మేమెందుకు ఊరుకుంటాం, మేమూ వరసలో నిలబడ్డాం."

"నాకు చెప్పలేదే," అన్నాడు తొలోగోన్.

"చెబితే చెయ్యి తియ్యి అంటావని."

ఆమె ఫోన్‌ని అతని వైపు తిప్పింది. పళ్ల మధ్య సూది, ముడిచిన నొసలు, ఒళ్లో సగం కుట్టిన కంబళి, ఎవరినో కసురుకోబోతున్న పెదవులు. తొలోగోన్ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. మూడు రోజులుగా బిగిసిపోయి ఉన్నదేదో మెడ దగ్గరనుంచి భుజాల్లోకి, భుజాలనుంచి వేళ్లలోకి దిగిపోయింది. ఫోన్ బల్ల మీద పెట్టి, రెండు అరచేతులూ ముఖం మీదుగా దించుకుని ఆమీన్ అన్నాడు, దించిన చేతుల్ని కాసేపు అలాగే కళ్ల మీద ఉంచుకున్నాడు.

అక్క మాత్రం ఇంకా అయిపోలేదంది. ఏడాదిగా ఆ ఫోన్లో కొత్త ఫొటో తీసుకోవడానికి చోటు లేదు. మనవడు పుట్టాడు, వాడిదీ తీసుకోలేకపోయింది. తొలోగోన్ బావమరిది ఎవరి పెళ్లిలోనో పడి నిద్రపోతున్న ఫొటోలు నూట పది ఉన్నాయి, గుర్రం తోకలు లెక్కలేనన్ని ఉన్నాయి. చెరిపేద్దామంటే ఇదంతా అవ్వ తెబెరిక్ అయిపోయింది, చెరిపితే పాపం. ఊళ్లో ఏ ఇంటికి వెళ్లి చూసినా ఇదే గోల.

ముకాష్ తాత కూడా తన పాత ఫోన్ తీసి, కళ్లకి దూరంగా పట్టుకుని, ఇందులో తొలోగోన్ చెల్లెలి పెళ్లి ఉందని చెప్పాడు. ఆ పెళ్లికి తను రాలేదనీ, ఇంట్లో ఆడవాళ్లు ఎక్కించుకొచ్చిన ఈ పెళ్లి ఎవరిదో ఇప్పటిదాకా తెలియక నిరుటినుంచి అలాగే ఉంచాననీ అన్నాడు. ఎర్మాత్ అప్పటికే అవ్వ ఫొటో తన ఫోన్లోకి ఎక్కించుకుని, మళ్లీ ఒకసారి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి ఎక్కించుకున్నాడు.

"మొత్తం ఎన్ని ఇళ్లక్కా?" అన్నాడు తొలోగోన్.

"నలభై మూడు. ఆ రోజు ఇళ్లకి వెళ్లేవాళ్లకి రొట్టెల మూటలు కట్టిచ్చింది నేనే, నాకు తెలీదా? పద్దెనిమిదేళ్లూ మళ్లీ ఒకచోట చేరాలంటే నలభై మూడు ఇళ్లకీ వెళ్లి, ప్రతి ఇంట్లోనూ టీ తాగాలి. ముందు బురుల్చా దగ్గరికి వెళ్లు. తలుపు దగ్గరే చెప్పేయ్, టీ ఇచ్చేదాకా ఆగకు."

తొలోగోన్ లేచి కోటు సర్దుకున్నాడు. ముకాష్ తాత మిగిలిన బోర్సోకు వెన్నలో ముంచుతూ, ఏడని చెప్పి నలభై మూడు దాచుకున్నావట్రా అని అడిగాడు.

గుమ్మం దగ్గర ఆగి తొలోగోన్ వెనక్కి చూశాడు.

"ఒక్కసారి పొరపాటున తక్కువ చెప్పాను తాతా. ఎక్కడా అనకు, పరువు పోతుంది."