ఫార్మసిస్టును పిలవాలి

మందుల షాపు వెనకగది, భోజనాల వేళ, షట్టరు సగం దించేశారు. మందుల అట్టపెట్టెల మీద ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నారు. ప్రశ్నల పుస్తకం పట్టుకున్నవాడు షాపు యజమాని, ఫార్మసిస్టు. జవాబులు చెబుతున్నవాడు అతని అక్క మొగుడు, అదే షాపులో హెల్పరు, ఫార్మసీ టెక్నీషియన్ సర్టిఫికెట్టు పరీక్ష రెండుసార్లు తప్పిన ఘనుడు. మూడోసారి ఎల్లుండే.

"తప్పు. మళ్ళీ తప్పే. పొమ్మనడమేంటి బావా? ఆ పేషెంటు రక్తం పలచబడే మందు వాడుతున్నాడు, వచ్చి నొప్పుల మాత్ర అడుగుతున్నాడు. టెక్నీషియన్ ఏం చెయ్యాలి? ఫార్మసిస్టును పిలవాలి."

"రెండూ కలిపి వాడకూడదని నాకు తెలుసు. అందుకే ఇవ్వను, పొమ్మంటాను. ప్రాణం దక్కిందా లేదా?"

"ఇక్కడ ప్రాణం గొడవ కాదు, మార్కు గొడవ. టెక్నీషియన్ సలహాలు చెప్పకూడదు. అనుమానం వస్తే ఫార్మసిస్టును పిలవాలి. ఈ పుస్తకంలో సగం ప్రశ్నలకి అదే జవాబు. ఆ మాట ఎక్కడ కనపడితే అక్కడ గుడ్డిగా టిక్కు పెట్టినా గట్టెక్కుతారు మీరు."

"సరే. ఫార్మసిస్టును పిలవాలి."

"హమ్మయ్య."

"పిలిస్తే పలకాలి కదరా."

"ఇదిగో, ఈ ఎత్తిపొడుపులే వద్దన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చదవడం చేతకాక నా మీద పడతారేం?"

"నీ మీద ఎక్కడ పడ్డాను? పలకాలి అన్నాను. అంతేగా."

"పక్క ప్రశ్న. లెక్క. సిరప్పు ఐదు ఎమ్మెల్లో నూటపాతిక మిల్లీగ్రాములుంటుంది. డాక్టరు పిల్లాడికి పూటకి రెండొందల యాభై చొప్పున, రోజుకి మూడు పూటలు, ఐదు రోజులు రాశాడు. మొత్తం ఎంత..."

"నూటయాభై ఎమ్మెల్."

"ఇంకా అడగడం కూడా పూర్తి కాలేదు."

"అడక్కపోతే ఏమైంది. పూటకి పది, రోజుకి ముప్పై."

"మరి పరీక్షలో ఏమొచ్చింది మీకు రోగం? పోయినసారి లెక్కల్లో సున్నా. ఒకటీ అరా కూడా కాదు, సున్నా. కళ్ళు మూసుకుని గీతలు గీసినా నాలుగు కలుస్తాయి."

"ఏమో. ఆ హాల్లో చెమటలు పట్టాయి."

"ఏసీ హాలు అది."

"ఏసీలోనూ పడతాయి నాకు."

"నీళ్ళు నమలకండి బావా. అక్క మొగుడు కదా అని ఊరుకుంటున్నాను, ఇంకొకడైతే ఈపాటికి గేటు బయట ఉండేవాడు. కొత్త రూలు వచ్చి, మీరు పరీక్ష తప్పిన దగ్గర్నుంచి పొద్దున్నించి రాత్రిదాకా ఈ కౌంటరు వెనకే పడున్నాను. ఎందుకు? మీకు సర్టిఫికెట్టు లేదు కాబట్టి. సర్టిఫికెట్టు లేనివాడు మందు చేతికిస్తుంటే ఫార్మసిస్టు పక్కనే ఉండాలట. బజారులో రెండో షాపు అద్దెకి తీసుకుని బోర్డు కూడా కట్టించాను. అది తాళం వేసి అలాగే ఉంది. మీ పుణ్యమా అని."

"ఇంకొకణ్ణి పెట్టుకోరాదూ."

"పెట్టుకోలేననా మీ ధీమా?"

"ఇద్దరొచ్చారుగా సర్టిఫికెట్టున్నవాళ్ళు. నువ్విచ్చే జీతం మాట వినగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ జీతానికి అక్క మొగుడే దొరుకుతాడు."

"అమ్మయ్యో, ఏంటీ అరుపులు? సగం షట్టరు వేసి పూర్తిగా వీధిలో పడ్డారు ఇద్దరూ. ఏమండీ, డబ్బా తెచ్చాను, చల్లారకముందే తినండి."

"రా అక్కా. నువ్వైనా చెప్పు మీ ఆయనకి. గోడకి చెప్పినా ఈపాటికి పాసయ్యేది."

"నేను చెప్పనా? నా నోరు పడిపోయిందిరా చెప్పి చెప్పి. తెల్లకోటు కుట్టించి ఆర్నెల్లయింది. ఈయనకంటే మా హ్యాంగరే ఎక్కువ వేసుకుంది. ఇంటిపక్కావిడ రోజూ అడుగుతుంది, మీవారు పాసయ్యారా అని. ఆవిడకి వేరే పనే లేదు. ఏమండీ, మీకు సిగ్గనిపించట్లేదూ?"

"అనిపిస్తోంది."

"మరి చదవండి."

"చదివాను."

"చదివితే ఎందుకు తప్పుతారు?"

"తినమన్నావుగా. తిననీ."

"చూశావా అక్కా, ఇదీ వరస. ఏదడిగినా పక్కకి తప్పుకుంటాడు. బావా, చివరిసారి చెబుతున్నాను, వినండి. ఎల్లుండి పాసయ్యారా, ఈ షాపు మీది. తాళాలు మీ చేతిలో పెట్టేస్తాను. జీతం రెట్టింపు. నేను బజారు షాపు చూసుకుంటాను. ఎవరిస్తారు మీకీ వయసులో ఇలాంటి అవకాశం?"

"విన్నారా? తమ్ముడు కాబట్టి ఇస్తున్నాడు. పిల్లదాని కాలేజీ ఫీజుకి కూడా వెతుక్కోనక్కర్లేదు ఇంక. చెప్పండి, రాస్తానని చెప్పండి."

"నువ్వు ఇక్కడ ఉండవన్నమాట."

"ఉండక్కర్లేదు బావా. రూలు అదే. కౌంటర్లో ఉన్నవాడికి సర్టిఫికెట్టుంటే, ఫార్మసిస్టు ఫోన్లో దొరికితే చాలు."

"ఫోన్లో."

"ఆ, ఫోన్లో."

"పాత రోజుల్లోలాగే."

"బావా. ఆ మాట వద్దు."

"ఏ మాటరా?"

"ఏం లేదక్కా. నువ్వు ఇంటికెళ్ళు, ఎండ ముదురుతోంది."

"ఎండ సంగతి నేను చూసుకుంటాను. ఏమండీ, ఏంటి ఆ మాట?"

"ఈ రూలు రాకముందు మీ తమ్ముడు షాపులో ఉండేవాడా?"

"షటిల్ ఆడటానికి వెళ్ళేవాడు. ఊరంతా తెలుసు. అయితే?"

"నేను మందులు తీసి, కౌంటరు మీద పరిచి, ఫోటో తీసి పంపాలి. ఆయన చూసి సరే అనాలి. అదీ ఏర్పాటు. ఎప్పుడు పంపినా నిమిషంలో బొటనవేలి బొమ్మ వచ్చేది. ఓకే, ఇచ్చెయ్యి అని."

"చూసే పెట్టేవాణ్ణి."

"ఒకసారి మీ అక్క చెప్పు తెగితే, కుట్టేవాడికి చూపిద్దామని ఫోటో తీశాను. వేలు తగిలి అది నీకు పోయింది. దానికీ బొటనవేలే పెట్టావు."

"నా చెప్పుకా?"

"నీ ఎడమ చెప్పుకి."

"ఏదో ఆటలో ఉండి చూసుకోలేదు. దానికింత రాద్ధాంతమా? చెప్పుని ఎవరైనా మింగారా?"

"చెప్పుని మింగలేదు. పంతులమ్మగారు మాత్ర మింగింది."

"బావా, ఇంక చాలు."

"ఏ పంతులమ్మగారు? మనకి అక్షరాలు దిద్దించిన పంతులమ్మగారా? ఆవిడ బాత్రూములో కాలు జారి పడింది కదా, నేను ఆస్పత్రికి వెళ్ళి చూసొచ్చాను కూడా. కాలు జారడానికీ మాత్రకీ ఏంటి సంబంధం?"

"కాలు జారలేదు. కళ్ళు తిరిగి పడింది. గుండె మాత్ర ఆవిడది, చిన్న డోసు. నేను పెద్ద డోసు పెట్టె తీశాను. రెండు పెట్టెలూ ఒకే రంగు, ఒకే అరలో పక్కపక్కన. తీసింది నేనే, ఆ తప్పు నాదే, ఇంకొకరి మీదకి తొయ్యను. ఫోటో తీసి పంపాను. పెట్టె మీద అంకె ఇంత పెద్దగా కనపడుతోంది అందులో."

"బొటనవేలు పెట్టాడా?"

"పెట్టాడు. నాలుగు రోజులు వేసుకుందావిడ."

"ఒరేయ్, నిజమేనా?"

"అక్కా, వయసు మీద పడిన మనిషి, దేనివల్ల పడిందో ఎవరు చెప్పగలరు? డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు."

"నిజమేనా అని అడిగాను."

"బయటపడితే షాపు మూయించేసేవాళ్ళే అక్కా. మనందరం ఏం తినేవాళ్ళం? నీ కోసం కూడా ఆలోచించానే."

"వాళ్ళబ్బాయి వచ్చి అడిగితే, మతిమరుపుతో మీ అమ్మే రెండేసి మింగి ఉంటుందన్నాడు మీ తమ్ముడు. ఆ అబ్బాయి వెళ్ళి తల్లిని తిట్టాడు. నేను అప్పుడు ఇక్కడే, ఈ పెట్టెల దగ్గరే నిలబడి ఉన్నాను."

"నిలబడి మీరు మాత్రం నోరు విప్పారా? ఇప్పుడు మహా నీతులు చెబుతున్నారు."

"విప్పలేదు. నీతులు చెప్పట్లేదురా. నాకు భయం. అంతే. తీసిన పెట్టె మీద అంకె వేలు పెట్టి మరీ చూస్తాను. రెండుసార్లు, మూడుసార్లు చదువుతాను, అయినా నా కళ్ళ మీద నాకే నమ్మకం లేదు. నా వెనకాల ఇంకో మనిషి నిలబడి చూడాలి. ఫోన్లో కాదు, ఇక్కడ."

"భయముంటే చదివి పాసవ్వాలి. తప్పితే భయం పోతుందా?"

"మొదటిసారి నిజంగానే తప్పాను. రాలేదు. ఆ మర్నాటి నుంచి నువ్వు షాపులో కూర్చున్నావు. తిట్టుకుంటూ కూర్చున్నావు, అయినా కూర్చున్నావు. పోయిన నెల పిల్లాడి సిరప్పు నేను పెద్దవాళ్ళది తీస్తే, బిల్లు కొట్టేలోపు లాగేసుకున్నావు. మొన్న ఇంకోటి పట్టుకున్నావు. నువ్వు చూస్తే నీ కంటికి ఏదీ తప్పించుకోదురా, ఆ మాట నేను ఎవరి దగ్గరైనా చెబుతాను. చూస్తేనే."

"అయితే?"

"అయితే ఏముంది. రెండోసారి పరీక్షకి వెళ్ళాను."

"వెళ్ళి?"

"నువ్వే అన్నావుగా, కళ్ళు మూసుకుని గీసినా నాలుగు కలుస్తాయని. ఒక్కటి కూడా ఒప్పు పడకుండా చూసుకోవాలంటే అన్నీ తెలిసి ఉండాలి."

"కావాలనే. మీరు కావాలనే. నా షాపుకి తాళం వేయించి, అక్క చేత రోజూ తిట్లు తిని, ఆ ముష్టి జీతంలో... మీకేమన్నా పిచ్చా? అక్కా, విన్నావా? రెట్టింపు జీతం, నీ కూతురి చదువు, అన్నీ తీసుకెళ్ళి గంగలో కలిపాడు ఈ మనిషి. తెలిసి, లెక్కపెట్టి మరీ కలిపాడు. మాట్లాడవేం?"

"ఆవిడ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోందిరా. మొన్న వీధిలో కనపడి, నాకు మతి పోయిందే, మాత్రలు కూడా లెక్క తెలియట్లేదు అని ఏడ్చింది. పోన్లెండి పంతులమ్మగారూ, వయసులో మామూలేనని నేనే సర్దిచెప్పాను. నేనే."

"అయిపోయినదాన్ని తవ్వుకుని ఏం లాభం అక్కా? జరగాల్సింది చూడు. ఆయన నా మాట వినడు. నీ మాట వింటాడు. ఎల్లుండి పరీక్ష ఎలా రాయాలో నువ్వే చెప్పు."

"చెబుతాను. ఏమండీ."

"చెప్పు."

"పోయినసారి రాసినట్టే రాసి రండి."