రోజుకి పది రెబ్బలు

ముంచింగిపుట్టు పైన కొండవాలులో ఒక ఇల్లు. వంటింట్లో అత్త సోములమ్మ, ఎడమచేతికి కట్టుతో కోడలు మాధవి. గోడకవతల మంచం మీద, మలేరియాకి ఒళ్లు గుల్లయినా నోరు మాత్రం తగ్గని మాధవి మొగుడు బుధు.

“పది ఎల్లుల్లి రెబ్బలు నూరడానికి ఇంతసేపేటే?”

“ఒంటిసేత్తో నూరుతన్నాను అత్తా.”

“నిన్నటివి పదీ నూరినావా?”

“నూరినాను.”

“నా మొకం సూసి సెప్పు.”

“నూరినానని సెప్తన్నాను కదా!”

“ఓలె మాధవీ! అంబలి తెత్తావా, నన్నే లెగమంటావా?”

“తెత్తాది, పడుకోరా బుధూ.”

“లెగిసినానంటే దాని రెండో సెయ్యి కూడా ఇరిసీస్తాను! అమ్మా, రోజూ ఎల్లుల్లి ఎల్లుల్లంటావు, వాసనే రాదేటి?”

“జరం పడ్డ ముక్కుకి వాసనేటి తెలుస్తాదిరా.”

“అత్తా... నా అంబలి మాత్రం ఒకటే కంపు.”

“రెండింటికీ ఒకటే గరిట. నోర్మూసుకు తాగు. నూరింది ఇటియ్యి, నేను కలుపుతాను.”

“నీ కాళ్లట్టుకుంటాను. ఆ ఎల్లుల్లి పెట్టి ఆడికి బలమియ్యకు. గొడ్డలి మంచం కిందే ఎట్టుకున్నాడు. కాలు నిలిసిన రోజు నరికీస్తానన్నాడు. ఇన్నావు కదా?”

“ఇన్నాను.”

“ఇని కూడా పెడతన్నావా? జీలుగు కల్లు కుండ పగిలిందని నా సెయ్యి ఇరిసినాడు. జుట్టట్టుకుని రాయికేసి కొట్టినాడు. నువ్వక్కడే కూకున్నావు!”

“కూకున్నాను. ఆడి బాబు నన్ను కొట్టినప్పుడు మా అత్తా అలాగే కూకుంది. మాట మార్సకు. రెబ్బలేటి సేసినావు?”

“...పొయ్యిలో ఏసీసినాను.”

“ఎన్ని?”

“రోజూ సగం.”

“ఎన్నాళ్ల నుంచి?”

“ఇరవై రోజుల్నుంచి. కొట్టు, నువ్వూ కొట్టు! ఆడు లెగకూడదు, అంతే!”

“ఓలమ్మో... సగం కాల్సీసినావా గుంటా?”

“అమ్మా! నిలబడ్డాను! సూడు, గోడట్టుకోకుండా నిలబడ్డాను! ఏదా మాధవి? ఎక్కడుంది?”

“అత్తా, గొడ్డలి ఈడుస్తన్నాడు!”

“బేగి గడియెయ్యి. సోళ్లు దంచే రోకలి తియ్యి. ఎత్తు!”

“లెగట్లేదు అత్తా... లెగట్లేదు!”

“తలుపు తియ్యవే! పగలగొట్టీస్తాను!”

“ఎలా లెగుస్తాదే పిచ్చిదానా! ఆడికి ఒక్క రెబ్బ పెట్టలేదు నేను. నీకు బలమొస్తాదని ఎల్లుల్లంతా నీ అంబలిలోనే కలిపినాను. నా ఎనక్కి రా... ఆ రోకలి ఇటియ్యి.”