గంప కింద నెమలి

బతికున్నన్నాళ్లూ ఒక్క డాక్టరూ దొరకలేదు, చచ్చాక ఇద్దరొచ్చారేంటండీ? ఒకాయన చేతులకి గ్లౌజులు కూడా తొడుక్కొచ్చాడు. ఆ గ్లౌజులేవో పోయిన వారం వచ్చుంటే ఎంత బాగుండేది!

కూర్చోండి బాబూ. ఫారెస్టు వాళ్లు నిలబడి మాట్లాడితే నాకు దడ. ఆ కుర్చీ ఊగుతుందే గానీ పడెయ్యదు. మా ఆయనలాగే.

ఊళ్లో ఎవరి సంగతి కావాలన్నా శివపార్వతిని అడగమన్నారా? అనే ఉంటారు లెండి. ముందు ఆ జీపులో కూర్చోబెట్టిన మనిషిని దింపండి. కరిముల్లా అండీ, మా ఎదురింటివాడు. తనే నెమలిని పట్టి ఇంట్లో దాచి చంపాడని నా నోటితో ఒక్క మాట కావాలి మీకు, అంతేగా?

పట్టడమేంటి? అదే వచ్చింది. నెమళ్లు కొండ మీది నుంచి రోజూ మొక్కజొన్న చేలోకి దిగుతాయి, తిని పోతాయి. ఇదొక్కటే తిరిగి ఎక్కలేదు. ఓ కన్ను నిమ్మకాయంత వాచి మూసుకుపోయింది. నోరు తెరుచుకుని గురగురమంటూ వచ్చి, కరిముల్లా దొడ్లో కోళ్ల నీళ్లతొట్టి పక్కన కూలబడింది.

ఈకల కోసం అంటారా? ఆడ నెమలండీ అది! పింఛమేదీ? మా ఆడపడుచు చూసి, "ఇదేనా నెమలి? టర్కీ కోడి కాదూ?" అని పెదవి విరిచి పోయింది.

కరిముల్లా మీ ఆఫీసుకి ఫోను చేశాడు. పక్కన నేనున్నాను. బండి లేదు, ముట్టుకోకుండా కాపలా కాయండి అన్నారెవరో. ఆ మాట వీధికుక్కలకి కూడా చెప్పుంటే పోయేది.

పశువుల ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు గారు గేదె దగ్గర్నుంచి లేవకుండానే "అడవి పక్షి మీద చెయ్యేస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. బెజవాడలో కుక్కల డాక్టరొకాయన ఫోటో పంపమన్నాడు. పంపితే, "చిలకల దాకా చూస్తాను, ఇంత పక్షి నా వల్ల కాదమ్మా" అన్నాడు. మరి ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి? మీరే చెప్పండి.

డాక్టరు లేకపోతే ఊరు ఊరుకుంటుందా? మా పక్కింటి బ్లెస్సీ గుణదల చర్చి నుంచి తెచ్చుకున్న ప్రార్థన నూనె రాసింది. మా ఆయన రామకోటేశ్వరరావు గారు పసుపూ వెల్లుల్లీ దంచి పట్టమన్నారు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన దగ్గుకి వాడుతున్న మందు అది. ఆ దగ్గు ఇంకా అలాగే ఉంది.

కరిముల్లాకి వచ్చింది కోడి వైద్యం. అవునండీ, పందెం కోళ్లే. తన మీద పందేల కేసుందని మీకు ముందే చెప్పుంటారు. ఆ కేసున్న చేతుల్తోనే ఉప్పేసిన గోరువెచ్చటి నీళ్లతో కన్ను కడిగాడు. జున్నుముక్కలాంటి చీము తీశాడు. రొంప పట్టిన కోడికేసే బిళ్లే పొడి చేసి, రాగిపిండి ఉండలో పెట్టి మింగించాడు. గంప బోర్లించి, పైన గోనెసంచి కప్పాడు. పొద్దున్నే వేడి గుడ్డతో కాపడం. నానబెట్టిన బాదంపప్పు. వాళ్లావిడ కుల్సుం లేదూ? "నా కాన్పుకి కూడా ఒక్క బాదంపప్పు పెట్టలేదక్కా ఈయన" అంది నాతో. నవ్వుతూనే అందిలెండి.

కన్ను తెరుచుకుంది బాబూ. అది మాత్రం నిజం. నిన్న సాయంత్రం రెండు కళ్లతోనూ నన్ను చూసింది. చూసి, తల అటు తిప్పేసుకుంది. నా సంగతి దానికెవరు చెప్పారో!

కానీ తిండి ముట్టలేదు. మెడ ముడుచుకుని అలాగే కూర్చుంది. "దీనికి రోషం చచ్చిందక్కా" అన్నాడు కరిముల్లా. "కోడైతే బరి దగ్గరికి తీసుకెళ్లి నలుగురి చేత కేకలేయిస్తాం. దెబ్బకి మెడ లేస్తుంది." అన్నాడంతే. చేస్తానని అనలేదు. ఇవాళ పొద్దున్నే బిళ్లల కోసం ఇబ్రహీంపట్నం వెళ్లాడు. కుల్సుం రేషను బియ్యానికి వెళ్లింది.

ఇక్కడి నుంచి సరిగ్గా వినండి.

డ్వాక్రా మీటింగు అయిపోయి ఆడవాళ్లంతా మా అరుగు మీదే ఉన్నారు. రండే, కరిముల్లా గారి కొత్త సంసారాన్ని చూపిస్తాను అని వెంటబెట్టుకెళ్లింది నేను. గోనెసంచి లాగింది నేను. గంప ఎత్తింది నేను. కేకలేస్తే రోషం వస్తుందట, వెయ్యండి అన్నదీ నేనే. ఉషశ్రీ ఈల వేసింది. ఆ పిల్లకి ఈల వచ్చని మొగుడికి కూడా తెలీదు. నేను పళ్లెం వాయించాను.

లేచింది. మెడ ఇంత పొడుగు చేసి లేచింది! వచ్చింది రోషం అని చప్పట్లు కొట్టాం. అది వెళ్లి గోడకి కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. ఆ తర్వాత రెక్కలు పరిచి పడుకుంది.

కోడికి కేకలేస్తే రోషం. నెమలికి గుండె ఆగిపోతుందట. మీ గ్లౌజుల డాక్టరు ఇందాక అన్నాడుగా, మందు వల్ల కాదు, బెదురుకి పోయిందని? ఎవరు బెదరగొట్టారని అడగలేదేం? అడిగితే అప్పుడే చెప్పేదాన్ని.

అసలు మీకు కబురందించిందెవరు? నేను చెప్పనా? పాలకేంద్రం కిరీటి. వాడికి చెప్పింది నేను. మొన్న పాలు పోస్తూ అన్నాను: కరిముల్లా నెమలిని బాదంపప్పులతో మేపుతున్నాడు, కుల్సుం మసాలా నూరుతోంది, ఆదివారం మీ ఇంటికి వాసనొస్తే చెప్పరా అని. నేను నవ్వకుండా చెబుతాను, వినేవాళ్లు నవ్వుతారు. ఆ రోజు వాడు నవ్వలేదు.

ఇంకొకరి పేరు మీద చెప్పుంటే నవ్వేవాడు. ఆ సంగతి నాకు తెలీదా? తెలిసే అన్నానా? ఏమో బాబూ. నోరు జారింది, అనేశాను.

రాసుకోండి నా పేరు. గంప ఎత్తింది శివపార్వతి.

అదేంటి, పెన్ను మూసేస్తున్నారు? ఎదురింటివాణ్ని కాపాడుకోవాలని చెబుతున్నానా? ఉషశ్రీని అడగండి. అడిగారా? అప్పుడు తను అక్కడ లేనే లేనందా! మిగతావాళ్లు? అందరూ అదే మాటా? శివపార్వతి గారి మాటలు పట్టించుకోకండి, ఆవిడ అన్నీ కల్పించి చెబుతుందన్నారా?

అన్నారు. నేనైనా అదే అందును.

మసాలా నూరుతోందంటే నమ్మి జీపేసుకుని వచ్చారు. గంప ఎత్తానంటే లేచి వెళ్లిపోతున్నారు. వెళ్లండి బాబూ, మీ డ్రైవరు బండి తీస్తున్నాడు. కరిముల్లాని ముందు సీట్లోనైనా కూర్చోబెట్టండి, వెనక కూర్చుంటే తనకి తల తిరుగుతుంది.

అదిగో, కుల్సుం గుమ్మంలోకొచ్చింది. నన్నే చూస్తోంది. ఊళ్లో ఏం జరిగినా ముందు దానికే చెప్పేదాన్ని. ఇది మాత్రం... ఇది నేను చెప్పేలోపే ఎవరో ఒకరు చెప్పేస్తారులెండి. మా ఊరంతే.