ఏట్లో నిలబడే బూట్లు

కాదండీ షావుకారుగారూ, పక్కకి రండి మాట్లాడదాం అంటారేం? ఇక్కడే మాట్లాడదాం. కొనేవాళ్లు వింటే విననీయండి. ఇదిగో, ఇది బూటు. ఇదిగో, ఇది దాని అడుగు. మీరు అమ్మిననాడు రెండూ కలిసే ఉన్నాయి. ఇవాళ చేతికొకటి పట్టుకొచ్చాను.

ఎక్కడ ఊడిందో తెలుసా? మా తమ్ముడు ఏట్లో నడుంలోతు నీళ్లలో వల పట్టుకుని నిలబడి ఉండగా ఊడింది. కాలు జారి బండ మీద పడ్డాడు. మోకాలి చిప్ప పగిలిందన్నాడు డాక్టరు. ఈ చేపల కాలం అయ్యేదాకా మంచం దిగొద్దన్నాడు.

మీరు అనబోయేది నాకు తెలుసు. బూటు పక్కన చిల్లులున్నాయి, మీవాడే పొడిచాడు అంటారు. అవునండీ, పొడిచాడు. మేకు కాల్చి మరీ పొడిచాడు. ఎందుకు పొడిచాడు? చుక్క నీరు లోపలికి రాదని చెప్పి అంటగట్టారు వాడికి. నడుంలోతులో నిలబడేవాడికి నీళ్లు బూటు పైనుంచి వస్తాయి కదా. వచ్చిన నీళ్లు పోయే దారేది? "కాలికో కుండ కట్టుకుని నడుస్తున్నట్టుందే అక్కా" అన్నాడు మొదటిరోజే. తన తెలివి కొద్దీ చిల్లులు పొడుచుకున్నాడు. తెలివితక్కువ పనే. ఆ మాట వాడి ముఖం మీదే అన్నాను. కానీ చిల్లులు మడమ దగ్గర ఉన్నాయి, అడుగు ఊడింది వేళ్ల దగ్గర. మీరే చూడండి, గోరు పెట్టి చూడండి. జిగురు తప్ప ఒక్క కుట్టు ఉందా?

ఇప్పుడు ఆ బూటు బల్ల కిందికి తోసేస్తారేం? కొనేటప్పుడు కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, తమ్ముడూ తమ్ముడూ అన్నారట. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య.

వద్దండీ. అదే రకం ఇంకో జత ఊరికే ఇస్తానంటే నాకొద్దు. ఊరికే వచ్చింది పుచ్చుకునే అలవాటు మా ఇంట్లో లేదు. పైగా ఈసారి ఇంకో మోకాలా? డబ్బు పెట్టే కొంటాను. నా తాహతులో ఉండాలి, నాలుగు కాలాలు నిలవాలి. అలాంటివి తీయండి.

తొందరేమిటంటారా? మా ఏటి పద్ధతి మీకు తెలియదు. ఆనకట్ట కింద బండల మధ్య వల పట్టే చోట్లుంటాయి. పట్టాలూ కాగితాలూ ఏమీ ఉండవు. ఎవరు నిలబడితే వాళ్లదే. చేపల కాలంలో చోటు రెండు రోజులు ఖాళీగా కనబడిందా, పక్కవాడు దిగుతాడు. దిగినవాడు ఇక లేవడు. అది మా నాన్న నిలబడ్డ చోటు. ఆయన పోయాక తమ్ముడిది. ఇంటిల్లిపాదీ దాని మీదే తింటున్నాం. మా పక్కచోటు వాణ్ని కొంగ అంటాం. నిన్న తమ్ముడు పడ్డ సాయంత్రమే పలకరించడానికని వచ్చాడు. మోకాలి వంక చూస్తే ఒట్టు. "ఎప్పటికి లేస్తాడంటారు" అని అడిగాడు.

రేపు పొద్దుటికి ఆ చోట్లో మా మనిషి ఉండాలి. అదీ నా తొందర.

ఆ మెరిసేవి తీయకండి, మాకేం పెళ్లి లేదు. ఇదేమిటి, అడుగున కంబళిలా దళసరి గుడ్డ అంటించారా? నాచు మీద బాగా పట్టు దొరుకుతుంది, నాకూ తెలుసు. కానీ మా ఒడ్డంతా గరుకు రాయి. ఏట్లోకి దిగేలోపే సగం అరుగుతుంది. రాత్రంతా వేలాడదీసినా ఆరదు. తోలువీ వద్దు. రోజూ నాని, రోజూ ఎండి, తోలు పగులుతుంది.

ఆ మూలవి తీయండి. అవే, అందం లేనివి.

ఊఁ. రబ్బరు అడుగు, చుట్టూ కుట్టు. కింద ఇనుప బొడిపెలు. వేళ్ల ముందు గట్టి తొడుగు. చీలమండ దాకా పట్టు ఉంది. నీళ్లు పోయే కంతలు బూటు చేసినవాళ్లే పెట్టారు. ధరా? మావాడికి అమ్మినవాటికీ వీటికీ ధరలో పెద్ద తేడా ఏముంది?

ఒక్క మాట చెప్పండి. మావాడు వచ్చిననాడు ఇవి ఇక్కడే ఉన్నాయా? ఉన్నాయిలెండి, దుమ్ము చూస్తేనే తెలుస్తోంది. మరి వాడికెందుకు చూపించలేదు?

అడగలేదా? తెలియనివాడు ఏమని అడుగుతాడండీ? వాడు నీళ్లలో నిలబడతాడని తెలిసీ అవి ఇచ్చి, ఇవి దాచారు. మీ లెక్కలో అది వ్యాపారం కావచ్చు. నా లెక్కలో వెనకనుంచి తోయడమే.

సైజు ఎంతంటారా? తొడుక్కునే మనిషిని తీసుకురమ్మంటారా? తెచ్చాను. ఇదిగో నా కాలు.

అలా చూస్తారేం, ఆడమనిషి కాలు ఎప్పుడూ చూడలేదా? ఇంకెవరు దిగుతారు? మరదలు నెలలు నిండిన మనిషి. కూలికి ఎవణ్నైనా పెడితే, నిలబడ్డవాడిదే చోటని రేపు వాడే అంటాడు. ఉండండి, వట్టి కాలికి కాదు. దళసరి మేజోళ్లు తెచ్చుకున్నాను, వాటి మీద తొడగండి.

ఆఁ, సరిపోయాయి. వేళ్లు కదులుతున్నాయి. లేచి నడవాలా? నడుస్తాను. ఒక్క నిమిషం.

చలి కాదండీ. ఫ్యాను ఆపక్కర్లేదు.

చెబుతాను, ఈ కొట్టు దాటనీయకండి. ఏటి ఒడ్డునే పుట్టాను. వలలు అల్లాను, చేపలు కోశాను, బజారులో అమ్మాను. కానీ మోకాలు దాటి నీళ్లలో ఎన్నడూ దిగలేదు. ఈత రాదు. ఏట్లో సుడి కనబడితే ఒడ్డు మీదే రెండడుగులు వెనక్కి వేస్తాను. నాన్న రమ్మన్నా, తమ్ముడు రమ్మన్నా, ఒడ్డు పని మీ తాత చూస్తాడా అని అరిచి తప్పించుకున్నాను. నాది కోపమనే అనుకుంటారు మా ఇంట్లో. భయమని తెలిస్తే మావాడు కుంటుకుంటూ తనే దిగుతాడు.

ఏం చేస్తాం? నేను భయపడుతున్నానని ఏరు ఆగుతుందా?

ఆ తాళ్లు కాస్త మీరే కట్టండి. గట్టిగా కట్టండి. ఇంకా గట్టిగా.