ఆరు మంచాల లెక్క

కోతలంటే ఒప్పుకోను, ముందే చెప్తున్నా. లా కాలేజీ ప్రవేశపరీక్ష రాశాను నేను, అరవై ఆరేళ్ళ వయసులో, మోకాలికి పట్టీ కట్టుకుని. మా తమ్ముడు, వాడో పెద్ద ప్లీడరులే, "సీటూ రాదు, పరువూ దక్కదు, మానెయ్యక్కా" అన్నాడు. ఈ ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఎనిమిదేళ్ళు బకెట్ల గొడవకీ ఫ్యాను గొడవకీ తీర్పులు చెప్పిందెవరు? వార్డెన్నని పేరేగానీ, వాడికంటే ఎక్కువ కేసులు చూశాను. సీటు తెచ్చుకుని తీరతానన్నా.

"తొందరగా తేల్చండి, పొయ్యి మీద పప్పుంది" అంది వంటామె, మెట్టు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.

ఆ పేపర్లో అందరికీ చెమటలు పట్టే చోటొకటుంది. క, గ, చ, ట, త, ప అని ఆరుగురు మనుషులు, వరసగా ఆరు మంచాలు. క పక్కన చ ఉండకూడదు, త కి కుడిపక్కనే ట ఉండాలి, ప కి ఏదో ఒక కొస మంచమే కావాలి. నాలుగు వరసలిచ్చి, ఏది కుదురుతుందో చెప్పమంటాడు. హాలంతా తలలు పట్టుకుంటే నాకు నవ్వొచ్చింది. ఇది పరీక్షేమిటి, మన మూడో నంబరు గది కదూ? ప అంటే దగ్గుల పిల్ల, గోడవారే పడుకుంటుంది. త, ట అక్కచెల్లెళ్ళు, ఇద్దరికీ ఒకటే దువ్వెన. క ది గురక, చ కి చీమ నడిచినా మెలకువే, మధ్యలో చెవులు వినపడని గ ని వేస్తే ఇద్దరూ బతికిపోతారు. ప, త, ట, క, గ, చ. పెన్ను మూత తీసేలోపు అయిపోయింది.

"మూత తియ్యకుండా ఎలా రాశారు?" అంది మా హాస్టల్లోనే ఉండే నర్సు, టీ గ్లాసు ఊదుకుంటూ.

మనసులో రాశానే తల్లీ. మిగతా ఇరవై రెండూ ఫ్యాను మూడుసార్లు తిరిగేలోపు ముగించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదకొండో ప్రశ్నలో ఒకే మనిషిని రెండు కుర్చీల్లో కూర్చోబెట్టారని తప్పు పట్టా. పేపరు తయారుచేసినాయన సగం గడ్డం గీసుకుని, సగం నురగతో పరిగెత్తుకొచ్చి, "అమ్మా, మా ఇంట్లో అత్తాకోడళ్ళకి ఒకే వంటగది, అదీ తేల్చిపెట్టు" అన్నాడు. తేల్చా. ఈ సంగతి కోర్టు దాకా పాకింది. అక్కడ తొమ్మిదిమంది జడ్జీలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక పదకొండేళ్ళుగా తీర్పే ఇవ్వలేదట. నన్ను కారు పంపి రప్పించారు. తొమ్మిది కుర్చీలూ మార్చా, అంతే, భోజనాల వేళకి నాలుగొందల కేసులు తేల్చిపారేశారు. పెద్ద జడ్జి తన కుర్చీ కండువాతో దులిపి కూర్చోమన్నాడు. నేనే వద్దన్నా, ముందు పట్టా రానివ్వమన్నా. బయటికొస్తే గుమ్మంలో నా చెప్పులు పట్టుకుని ఎవరు? మా తమ్ముడు.

"పప్పు మాడిపోయినట్టుంది" అంది వంటామె, లేవకుండానే.

మెట్ల చివర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్ల ఒకతె ఉంది. తనూ ఆ పరీక్షకే చదువుతోంది, నా దరఖాస్తు నింపిందీ తనే.

"వార్డెనమ్మా, పరీక్ష వచ్చే ఆదివారం కదా."

నర్సు గ్లాసు కింద పెట్టింది.

"నిన్న నేనిచ్చిన మాదిరి పేపర్లో మీకు తొమ్మిదికి రెండొచ్చాయి. ఆ మంచాల ప్రశ్నకి ఉన్న నాలుగు జవాబులూ కొట్టేసి, 'క ని, చ ని నా దగ్గరికి పంపండి, రాజీ చేస్తాను' అని రాశారు."

వంటామె కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుకోమన్నా.

"రాజీ చేస్తే మార్కులివ్వరా?" అన్నా.

"ఇవ్వరమ్మా."

"ఆదివారం వెళ్ళననుకున్నావా? మా తమ్ముడు గేటుకి అడ్డంగా పడుకున్నా దాటుకుని వెళ్తా. ఇంకా ఐదు రోజులున్నాయి. ఇంకో పేపరు తే, పెన్సిలూ తే. ఈసారి కొట్టుకు చావనీ, ఎవరికీ రాజీ చెయ్యను."